ఎదురుచెప్పని యంత్రం

2023 మే 30న ఒక ప్రకటన వెలువడింది. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం. కృత్రిమ మేధ వల్ల మానవజాతి అంతరించిపోయే ముప్పును అణుయుద్ధంతో, మహమ్మారులతో సమానంగా పట్టించుకోవాలన్నది దాని సారం. సంతకాలు చేసినవాళ్లలో జెఫ్రీ హింటన్, యోషువా బెంజియో లాంటి శాస్త్రవేత్తలున్నారు. వాళ్లతో పాటు ఓపెన్‌ఏఐ అధిపతి సామ్ ఆల్ట్‌మన్, గూగుల్ డీప్‌మైండ్ అధిపతి డెమిస్ హసాబిస్, ఆంత్రోపిక్ అధిపతి డారియో అమొడెయ్ కూడా ఉన్నారు. అంటే ప్రమాదమని కేకేసినవాళ్లలో ఆ సరుకును తయారుచేసి అమ్ముతున్నవాళ్లే ముందున్నారు. దీనికి రెండు వారాల ముందే, మే 16న, ఆల్ట్‌మన్ అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని, శక్తిమంతమైన మోడళ్ల తయారీకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఒకటి కావాలని అడిగాడు. నా వ్యాపారానికి లైసెన్సు పెట్టండి బాబూ అని వ్యాపారే అడుగుతున్నాడంటే, ఆ లైసెన్సు తనకెలాగూ వస్తుంది, పక్కవాడికే రాదు అన్న లెక్క ఎక్కడో ఉండి ఉంటుందని అనుమానించడం తప్పు కాదు. ఈ అనుమానాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాళ్లు అరాజకవాదులు. రాజ్యమూ పెట్టుబడీ రెండూ అక్కర్లేదని, పైనుంచి దిగే ఏ పెత్తనమైనా తన అవసరాన్ని తాను రుజువు చేసుకోలేకపోతే పోవాల్సిందేనని వాళ్లు రెండు శతాబ్దాలుగా వాదిస్తున్నారు. ఏఐ ముప్పు గురించిన గోల చాలావరకు అధికారాన్ని పోగేసుకునే ఎత్తుగడ అన్నది వాళ్ల సందేహం. అది ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముప్పు ఎవరి నుంచి అన్న ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబు సరైనది. ఆ ముప్పులో కొత్తదనం ఎంత అన్న దగ్గర మాత్రం, తమ సిద్ధాంతంలోని అతి పాత పాఠాన్ని వాళ్లే మరిచిపోయారు.

అరాజకవాదులకు యంత్రాలంటే గిట్టదన్న అభిప్రాయం ఒకటి చలామణిలో ఉంది. జాన్ జెర్జాన్ లాంటి ఆదిమవాదులు కంప్యూటర్‌తో ఆగకుండా వ్యవసాయాన్ని కూడా తప్పుపట్టిన మాట నిజమే. అయితే వాళ్లది ఆ సంప్రదాయంలో ఒక మూల గొంతు. ఎనిమిది వందల కోట్ల మంది తిండి సంగతేమిటని అడిగితే అక్కడే వాళ్ల దారి మూసుకుపోతుంది కాబట్టి వాళ్లను ఇక్కడే వదిలేయవచ్చు. అసలు పాయ వేరు. పీటర్ క్రొపోట్కిన్ 1892లో వెలువరించిన 'ది కాంక్వెస్ట్ ఆఫ్ బ్రెడ్'లో, కాక్రన్ అనే అమెరికన్ మహిళ కనిపెట్టిన అంట్లు తోమే యంత్రాన్ని పేరు పెట్టి మెచ్చుకున్నాడు. ఆడవాళ్లను వంటింటి చాకిరీ నుంచి తప్పించలేని విప్లవం విప్లవమే కాదన్న వాదనలో భాగంగా ఆ యంత్రం అక్కడికొచ్చింది. 1963 మార్చిలో, కాలిన్ వార్డ్ సంపాదకత్వంలో బ్రిటన్ నుంచి వచ్చే 'అనార్కీ' మాసపత్రికలో, గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త సైబర్నెటిక్స్ గురించి వ్యాసం రాశాడు. వెలుతురును వెతుక్కుంటూ నేల మీద దేకే యంత్రపు తాబేళ్లను 1940ల చివర్లో బ్రిస్టల్‌లో తయారుచేసింది ఈయనే. ఇవాళ్టి రోబోలకు అవి ముత్తాతల వంటివి. మెదడులో ఎంత వెతికినా అన్నిటి మీదా పెత్తనం చేసే యజమాని ఒకడు కనబడడని, అయినా పని సాగిపోతోందని ఆయన చెప్పింది ఆ పత్రిక పాఠకులకు పండగలా తోచి ఉంటుంది. అదే ఏడాది జాన్ మెక్‌ఈవన్ అదే పత్రికలో, తమను తాము సర్దుకునే వ్యవస్థల శాస్త్రం అరాజకవాదానికి ఎలా బలమిస్తుందో వివరించాడు. కృత్రిమ మేధ కళ్లు తెరుస్తున్న రోజుల్లో, దాని పక్కింటి శాస్త్రంలో వీళ్లకు తమ వాదానికి సాక్ష్యం దొరికిందన్నమాట.

మరి సందేహం ఎక్కడి నుంచి వచ్చింది? మిఖాయిల్ బకూనిన్ నుంచి. ఆయన 1871లో రాయగా, చనిపోయిన ఆరేళ్లకు, 1882లో 'దేవుడూ రాజ్యమూ' పేరుతో అచ్చయిన పుస్తకంలో ఒక ఊహ ఉంది. సత్యం తప్ప మరో ఆశ లేని మహాపండితుల సభ ఒకటి కూర్చుని సమాజానికి చట్టాలు చేస్తే ఏమవుతుంది? రెండు వైపులా నాశనమే అంటాడాయన. అర్థం కాకపోయినా పూజించి పాటించే జనం మందబుద్ధులవుతారు. జనం అలాగే ఉంటేనే తమ అవసరం ఉంటుంది కాబట్టి పండితులు చెడిపోతారు. నిపుణుడి సలహా తీసుకోవడం వేరు, అతని పెత్తనానికి తలొగ్గడం వేరు. మనిషిని మించిన యంత్రం వస్తోంది, దాన్ని అదుపు చేయడం కొద్దిమంది నిపుణులకే సాధ్యం, కాబట్టి వాళ్లకు అధికారం, డబ్బు, చట్టం అండగా ఉండాలి అన్న నేటి వాదన బకూనిన్‌కు వినిపించి ఉంటే కొత్తగా తోచేది కాదు. డాన్ మెక్విలన్ 2022లో తెచ్చిన 'రెసిస్టింగ్ ఏఐ' ఈ కోవలో మన కాలపు ముఖ్యమైన పుస్తకం. ఏఐ పనిచేసే తీరే మనుషులను గుంపులుగా విడగొట్టి, ఎవరిని లోపలికి రానివ్వాలో ఎవరిని బయట ఉంచాలో తేల్చే అధికారయంత్రాంగానికి అతికినట్టు సరిపోతుందని, దానికి విరుగుడు మెరుగైన నియంత్రణ కాదని, కార్మికుల మండళ్లు, ప్రజల మండళ్లు అని ఆయన వాదిస్తాడు. మండళ్లు ఎలా పుడతాయన్నది ఆ పుస్తకంలో కాస్త గాలిలోనే ఉండిపోయింది. రోగనిర్ధారణ మాత్రం గట్టిది.

ఆ నిర్ధారణకు సాక్ష్యం కోసం మనవాళ్లు దూరం పోనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' పేరుతో ఒక వ్యవస్థను నడిపింది. వాహనాల రిజిస్ట్రేషను, కరెంటు బిల్లులు, ఆస్తి పన్ను ఇలా రకరకాల శాఖల దగ్గరున్న సమాచారాన్ని ఒకచోట కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఫలానా కాగితంలో ఉన్న మనిషీ ఫలానా కాగితంలో ఉన్న మనిషీ ఒకరేనా అని తేల్చడం దాని పని. తెలుగునాట ఈ పని ఎంత ప్రమాదకరమో ఎవరికైనా తెలుసు. ఒక కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మూడోదాంట్లో ఉత్త పొడి అక్షరం. ఊళ్లో నలుగురు వెంకటేశ్వర్లుంటారు, పాతబస్తీలో ఒకే గల్లీలో ముగ్గురు సయ్యద్ అలీలుంటారు. మనుషులకు శాశ్వతమైన ఇంటిపేర్లు తగిలించడం రాజ్యం తన సౌకర్యం కోసం చేసిన పనేనని అరాజకవాదానికి దగ్గరి బంధువైన జేమ్స్ స్కాట్ 1998లో 'సీయింగ్ లైక్ ఎ స్టేట్'లో చూపించాడు. జనం ఆ అచ్చులో పూర్తిగా ఇమడని చోట యంత్రం తప్పులు చేయక మానదు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు, కారున్న మరొకాయన పేరుతో కలిసిపోయింది. కారున్నవాళ్లకు రేషన్ కార్డు ఎందుకని ఆ కుటుంబానికి కార్డు నిరాకరించారు. కారు లేదని ఆ ఇంటావిడ ఎంత చెప్పుకున్నా వినే నాథుడు లేకపోయాడు. భర్త పోయాక కూడా ఏళ్ల తరబడి తిరిగి, కోర్టుకెక్కితే గానీ ఆమె అర్హురాలని తేలలేదు. ఇది ఒక్కరి కథ కాదు. 2014కూ 2019కీ మధ్య రాష్ట్రం 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులను ముందస్తు నోటీసు లేకుండా రద్దు చేసింది. మళ్లీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి పరిశీలన పూర్తయిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులేనని తేలింది. వందకు ఏడెనిమిది మంది. ఏడెనిమిదే కదా అనుకోవచ్చు, ఆ కుటుంబాలు తినే బియ్యం సంగతి పక్కనపెడితే.

ఇక్కడ అరాజకవాదుల వాదన బలంగా తగులుతుంది. సమగ్ర వేదిక మనిషిని మించిన మేధ కాదు, మేధ అని పిలవడానికే మొహమాటపడాల్సిన పేర్ల పోలిక అది. ఆస్ట్రేలియాలో 'రోబోడెట్' అని జనం పేరు పెట్టిన పథకంలో ఆ మాత్రం కూడా లేదు. ఏడాది ఆదాయాన్ని పక్షాలవారీగా సమానంగా పంచి, సంక్షేమ భృతి తీసుకున్నవాళ్లు ఎక్కువ తీసుకున్నారని లెక్కగట్టే భాగహారం, అంతే. దానితోనే 4 లక్షలకు పైగా జనం నెత్తిన 170 కోట్ల డాలర్లకు పైగా లేని అప్పు మోపారు. 2023 జూలైలో రాయల్ కమిషన్ ఆ పథకాన్ని దుయ్యబట్టింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భృతి తీసుకున్న వేలాది తల్లిదండ్రులను దొంగలుగా ముద్రవేసిన వ్యవహారం ముదిరి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. మూడు దేశాల్లోనూ దెబ్బతిన్నది పేదలు, నెదర్లాండ్స్‌లో ముఖ్యంగా వలసవచ్చినవాళ్లు. మూడింటిలోనూ యంత్రం చేతికి రాకముందే, వీళ్లు మోసగాళ్లన్న నిర్ణయం ప్రభుత్వం మనసులో జరిగిపోయింది. రేపెప్పుడో రాబోయే మహామేధ గురించి భయపెట్టేవాళ్లు, ఇవాళ జరుగుతున్న ఈ పనిని 'పక్షపాతం', 'పొరపాటు' అని చిన్న మాటలతో సరిపెడుతున్నారని అరాజకవాదులనడంలో అతిశయోక్తి లేదు.

నియంత్రణ మీద వాళ్ల అపనమ్మకానికి కూడా ఆధారాలున్నాయి. ప్రపంచంలోకెల్లా సమగ్రమైనదని పేరున్న ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. సైన్యం, రక్షణ, జాతీయ భద్రత పేరుతో వాడే వ్యవస్థలకు అది వర్తించదు. ప్రాణాలు తీసే యంత్రాలను పక్కనపెట్టి ప్రాణాల గురించి చేసిన చట్టమది. కంపెనీలు సొంతంగా పెట్టుకున్న నియమాల గతి ఇంకా అన్యాయం. డ్రోన్లు తీసే దృశ్యాలను విశ్లేషించే పెంటగాన్ ప్రాజెక్టు 'మేవెన్'లో గూగుల్ చేరినప్పుడు, 2018లో వేలాది ఉద్యోగులు సంతకాలు చేసి వ్యతిరేకించారు, కొందరు ఉద్యోగాలే వదులుకున్నారు. ఒప్పందాన్ని పొడిగించబోమని కంపెనీ ఆ జూన్‌లో ప్రకటించింది, ఆయుధాల జోలికి పోమని నియమావళి రాసుకుంది. 2025 ఫిబ్రవరిలో ఆ వాగ్దానాన్ని తీసేసింది. దీనికి భిన్నంగా, 2023లో హాలీవుడ్ రచయితలు మే 2 నుంచి 148 రోజులు కలాలు కింద పెట్టారు. ఏఐ రాసినదాన్ని రచనగా పరిగణించకూడదు, ఏఐ వాడమని రచయితను బలవంతపెట్టకూడదు అన్న షరతులు ఒప్పందంలోకి ఎక్కించుకునే దాకా వెనక్కి తగ్గలేదు. చట్టసభ చేయని పని సమ్మె చేసింది. ప్రత్యక్ష చర్య మీద అరాజకవాదులకున్న నమ్మకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ రంగంలో లేదు.

అయితే ఈ ఉదాహరణను ఇంకొంచెం దగ్గరగా చూడాలి. హాలీవుడ్ రచయితలు గెలిచింది ఎందుకు? వాళ్లు లేకుండా అప్పటికి స్క్రిప్టు రాదు కాబట్టి. గూగుల్ 2018లో వెనక్కి తగ్గింది ఎందుకు? ఆ ఇంజనీర్లు పోతే కష్టం కాబట్టి. అరాజకవాదం చేతిలో ఉన్న ఆయుధమంతా ఇదే. దీని పుట్టుక బకూనిన్ కంటే మూడు శతాబ్దాల వెనక ఉంది. పదహారో శతాబ్దపు ఫ్రెంచి యువకుడు ఎటియెన్ ద లా బొయెసీ ఒక చిన్న ప్రశ్న వేశాడు: నియంత ఒక్కడు, అతనికి లోబడేవాళ్లు లక్షలమంది, అయినా ఎందుకు లోబడుతున్నారు? నియంతను కూలదోయనక్కర్లేదు, అతన్ని మోయడం మానేస్తే చాలునన్నది ఆయన జవాబు. అరాజకవాదులకే కాదు, సహాయ నిరాకరణకూ పునాది ఈ ఆలోచనే. 1922 తొలి నెలల్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన జరిగింది అదే. రైతులు శిస్తు కట్టబోమన్నారు. అంతకంటే ముఖ్యంగా గ్రామాధికారులు రాజీనామాలు చేశారు. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలిసిన మునసబూ కరణమూ తప్పుకుంటే, కలెక్టరు ఎంత మంది సైనికులను దించినా వాళ్లకు ఏ గుమ్మం ముందు ఆగాలో తెలియదు. చౌరీచౌరా తర్వాత గాంధీజీ ఆపమనేదాకా ఆ ఫిర్కాలో తెల్లవాళ్ల రెవెన్యూ యంత్రం కుంటుతూనే ఉంది. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ల మీద కాల్చమని ఆజ్ఞ వచ్చినప్పుడు, బ్రిటిష్ సైన్యంలోని చంద్రసింగ్ గఢ్వాలీ దళం కాల్చలేదు. శిక్ష పడింది, యావజ్జీవం. ఆ ఒక్క నిరాకరణకు సామ్రాజ్యం ఎంత వణికిందో ఆ శిక్షే చెబుతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ అసలు చేసే పనేమిటో అడగండి. అది గుమాస్తా పని చేస్తుంది, కరణం పని చేస్తుంది, కాపలావాడి పని చేస్తుంది, రేపు సిపాయి పని కూడా చేయవచ్చు. ఈ నలుగురి చేతులూ అవసరం లేని రాజ్యం చరిత్రలో ఇంతవరకు లేదు. యంత్రం ఏదో ఒకనాడు మనిషి మీద తిరగబడుతుందన్నది సిలికాన్ వ్యాలీ భయం. నాకు కనిపించే భయం దానికి తలకిందులుగా ఉంటుంది: అది ఎన్నటికీ తిరగబడదు. కాల్చమంటే కాలుస్తుంది, కొట్టేయమంటే కొట్టేస్తుంది, రాజీనామా చేయదు. రోబోడెట్‌లో దీని చిన్న రూపం కనబడింది. అంతకుముందు సంక్షేమ శాఖ సిబ్బంది అనుమానాస్పద కేసులను ఒక్కొక్కటిగా చూసి, యజమానులకు ఫోన్లు చేసి, ఏడాదికి సుమారు 20 వేల దాకా తేల్చేవారు. యంత్రం వచ్చాక వారానికి 20 వేల నోటీసులు పోయాయి. సిబ్బంది దయామయులని కాదు. వాళ్లు నెమ్మది, వాళ్లకు విసుగొస్తుంది, వాళ్లలో ఒకరు ఫోన్ అవతలి ఏడుపు విని ఫైలు పక్కన పెడతారు. ఆ నెమ్మదితనమే పేదవాడికి గోడలా ఉండేదని గోడ పోయాక తెలిసింది. ముప్పంటే పాత అధికారమే, కొత్తదేమీ లేదు అనే అరాజకవాది ఈ ఒక్క తేడాను చూడకపోవడం విడ్డూరం. పెత్తనం పాతదే. పెత్తనాన్ని మోసే భుజం మారుతోంది.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ మన పల్లెల నుంచే వస్తుంది. కరణాన్ని అంతగా పొగడకండి, ఆయన కలం ఎన్ని కుటుంబాలను ముంచిందో మా తాతలనడగండి, అంటారు. నిజమే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేస్తే ఊళ్లు సంతోషించాయి. కులం చూసి, ముడుపు చూసి పనిచేసే మనిషి కంటే అందరినీ ఒకేలా చూసే యంత్రం నయం కాదా? దీనికి పరిశోధనలో ఆధారం కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో, ఉపాధి హామీ కూలీ, పింఛన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో ఇచ్చి చూశారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం డబ్బు త్వరగా అందింది, మధ్యలో మింగడం తగ్గింది, ఎవరికీ అందకుండా పోలేదు. ఇదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు పరిశీలిస్తే, మింగడం తగ్గకపోగా జనానికి తిరుగుడూ ఖర్చూ పెరిగాయి, అర్హులు కొందరు వట్టి చేతులతో వెనుదిరిగారు. వేలిముద్ర అదే, ఫలితం వేరు. తేడాల్లో ముఖ్యమైనది ఒకటుంది: ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేకపోయినా, వేలిముద్ర పడకపోయినా డబ్బిచ్చే దారి తెరిచే ఉంచారు. జార్ఖండ్‌లో యంత్రం కాదంటే చాలావరకు ఇక కాదే.

తెలంగాణలో భూముల కథ కూడా ఇదే పాఠం చెబుతుంది. అక్కడ ఏఐ లేదు, కేవలం ఒక పోర్టల్ ఉంది. 2020 సెప్టెంబరులో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టులను రద్దు చేశారు, అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. లంచాలు తినే వీఆర్వో పోయాడని మొదట చప్పట్లే. తర్వాత రికార్డులో తప్పు పడ్డ రైతుకు, సరిచేసే అధికారమున్న మనిషి ఊళ్లోనూ లేడు, మండలంలోనూ లేడు. కలెక్టరు దగ్గరికో సివిల్ కోర్టుకో పొమ్మన్నారు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, గ్రామ పాలన అధికారుల పేరుతో ఊరికి మళ్లీ ఒక మనిషి వచ్చాడు. చెడ్డ అధికారిని తీసేయడం వేరు, కాదని చెప్పగల చోటునే తీసేయడం వేరు. ఈ తేడా తెలియడానికి అయిదేళ్లు పట్టింది. కరణం లంచం తీసుకున్నది కూడా కాదనగల చోటు ఉండబట్టే, పెదనందిపాడులో రాజీనామా చేసింది కూడా అది ఉండబట్టే. రెంటినీ విడదీయడం కుదరని చోట, పర్యవేక్షణ పెంచాలి గానీ చోటును పూడ్చకూడదంటాను.

రెండో ఆక్షేపణ అరాజకవాదుల నుంచే వస్తుంది. యంత్రం గాలిలో నడవదు, దాని వెనుక చిప్పులు చేసేవాళ్లు, కరెంటిచ్చేవాళ్లు, నైరోబీలో గంటకు రెండు డాలర్ల లోపు కూలికి హింసాత్మక రాతలు చదివి గుర్తులు పెట్టినవాళ్లు ఉన్నారు, వాళ్లు చేతులెత్తేస్తే అంతా ఆగిపోతుంది అంటారు వాళ్లు. ఇందులో నిజముంది, కానీ చేతుల లెక్క చూడాలి. విశాఖనే తీసుకోండి. ఉక్కు కర్మాగారం ఆ ఊరికి 1960ల ఉద్యమంతో వచ్చింది. 2021 జనవరిలో దాన్ని పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయిస్తే, వేలాది కార్మికులు గేటు దగ్గర కూర్చున్నారు, అమ్మకం ముందుకు సాగలేదు. 2025 జనవరిలో కేంద్రమే 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇవ్వాల్సి వచ్చింది. అదే విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. కట్టేటప్పుడు ఎంత మంది పనిచేసినా, నడిచేటప్పుడు డేటా సెంటర్‌కు కావలసిన చేతులు ఉక్కు కొలిమికి కావలసినవాటిలో చిన్న పాలు. నిరాకరించే శక్తి పూర్తిగా పోలేదు, కొద్దిమంది నిపుణుల దగ్గర చేరింది. వాళ్లను కొనడం తేలిక, తీసేయడం కూడా తేలికే.

మనిషిని మధ్యలో ఉంచుతున్నాం కదా అన్నది మూడో ఆక్షేపణ, ఇది ప్రభుత్వాలు చెప్పేది. గాజాలో ఇజ్రాయెల్ సైన్యం వాడిన 'లావెండర్' అనే వ్యవస్థ గురించి 2024 ఏప్రిల్‌లో ప్లస్ 972 పత్రిక వెలువరించిన కథనంలో, అది 37 వేల మందిని అనుమానితులుగా గుర్తించిందని, ఒక్కో పేరును ఆమోదించడానికి అధికారి 20 సెకన్లు వెచ్చించేవాడని సైనికాధికారులే చెప్పినట్టు ఉంది. అది లక్ష్యాల జాబితా కాదు, సమాచారం సరిచూసుకునే సాధనమేనని సైన్యం ఖండించింది. కథనమే నిజమైతే ఆ 20 సెకన్లలో అధికారి చూసుకున్నది ఎదుటి వ్యక్తి మగవాడా కాదా అన్నది మాత్రమే. గఢ్వాలీకి దొరికింది కూడా కొన్ని క్షణాలే, కానీ అతని ఎదుట జనం నిలబడి ఉన్నారు. తెర మీద పేరు మాత్రమే ఉన్నప్పుడు, దాన్ని కాదంటే ఎందుకు కాదన్నావని సంజాయిషీ ఇవ్వాల్సి వస్తే, అవునంటే ఏ సంజాయిషీ అక్కర్లేకపోతే, మనిషి ముద్రగా మిగులుతాడు.

హింటన్, బెంజియోలు చెప్పే మానవజాతి అంతరించే ముప్పును అరాజకవాదులు నవ్వి కొట్టిపారేయడం నాకు నచ్చదు. వాళ్లిద్దరూ అమ్మకందార్లు కారు. హింటన్ ఆ మాటలు స్వేచ్ఛగా చెప్పడానికే 2023లో గూగుల్ వదిలాడు. పైగా ఒక తీవ్రవాది ఇంట్లో కూర్చుని రోగక్రిమిని తయారుచేసుకునే రోజు వస్తే కేంద్రాధికారం లేకుండా ఆపడమెలా అన్న ప్రశ్నకు అరాజకవాదం దగ్గర నికరమైన జవాబు లేదు. మోడళ్లను అందరికీ విప్పి పంచితే అధికారం చెదిరిపోతుందన్న కొందరి ఆశ కూడా సగమే నిజం. తయారైన మోడల్‌ను పంచుకోవచ్చు, దాన్ని తయారుచేసే వేలాది చిప్పులను పంచుకోలేం. అయినా, యంత్రాన్ని మనిషి విలువలకు కట్టుబడేలా చేస్తామన్నప్పుడు ఏ మనిషి విలువలకని అడిగే హక్కు వాళ్లదే. పూర్తిగా కట్టుబడ్డ యంత్రం యజమానికి కట్టుబడుతుంది, రిక్షా ఆయన ఇంటావిడకు కాదు.

కాబట్టి ఏ ఏఐ పథకాన్నయినా తూచాల్సిన తూకం దాని తెలివి కాదు, అది ఎన్నిసార్లు తప్పు చేస్తుందన్నది కూడా రెండో లెక్క. అది తేల్చినదాన్ని కాదనగల మనిషి దారిలో ఎక్కడున్నాడు, కాదన్నందుకు అతనికేమవుతుంది అన్నది మొదటి లెక్క. ఐరోపాలో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ నిబంధనల 22వ అధికరణం, యంత్రం ఒక్కటే తీసుకున్న నిర్ణయానికి లోబడకుండా ఉండే హక్కును కొన్ని మినహాయింపులతో పౌరుడికిచ్చింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి హక్కు లేదు. పైపెచ్చు 17వ సెక్షన్ కింద ప్రభుత్వ విభాగాలను చట్టం నుంచే మినహాయించే వీలు కేంద్రానికుంది. చట్టం వల్ల ఒరిగేదేమీ లేదని అరాజకవాది అంటే ఒప్పుకుందాం. అప్పుడు హాలీవుడ్ రచయితల దారి మిగులుతుంది. రేషన్ డీలర్లు, మీసేవ ఆపరేటర్లు, రెవెన్యూ ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ వ్యవస్థలను రాస్తున్న మన పిల్లలు, వీళ్ల సంఘాలు ఇచ్చే డిమాండ్ల కాగితంలో జీతాలూ బదిలీల పక్కన ఇంకో వరస చేరాలి: యంత్రం వద్దన్న మనిషికి బియ్యం తూచినందుకు ఏ ఉద్యోగి మీదా చర్య తీసుకోకూడదని.